ఇస్త్రీ అత్త నాటిన తెల్లపూల చెట్టు

ఆసుపత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్లుగా ఇస్త్రీ చేస్తున్న ఆమెను డాక్టర్లు సైతం ఇస్త్రీ అత్త అనే పిలిచేవారు. నోరున్న మనిషి. పెట్టె వేడెక్కితే తప్ప ఆమెకు కోపం రాదని అందరూ నవ్వేవారు గానీ, పెట్టె ఎప్పుడూ వేడిగానే ఉండేది.

లాండ్రీ వెనక దుప్పట్లు ఆరేసే చోట ఉన్నది ఒకే చెట్టు. వానలు అంతంతమాత్రంగా పడే పొదల నేలల్లో పుట్టిన జాతి. ఎవరో రోగి తాలూకు చుట్టం వదిలేసిపోయిన కుండీలోని మొక్కను ఆమే తెచ్చి నాటింది. ఆకు ముట్టుకుంటే గరుకు. మండుటెండకు చుట్టుపక్కల గడ్డి కూడా మాడిపోతుంటే, అది మాత్రం గరాటుల్లాంటి తెల్లపూలు విరగబూసేది.

కొత్త సూపర్వైజరు వచ్చిన మూడో రోజే దుప్పటికి అంటుకున్న వాడిన పువ్వును రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు.

"ఏంటీ మరకలు? రేపే ఈ చెట్టు కొట్టించేస్తున్నా."

"చెట్టును జరపలేం సార్. తాడైతే ఎటు కడితే అటు ఉంటుంది. తాడు మార్పించండి."

"నాకే చెప్పేదానివయ్యావా?"

అదే లాండ్రీలో పనిచేస్తూ, పక్కనే దుప్పట్లు మడతపెడుతున్న కోడలు ఆమె చెయ్యి పట్టి లాగింది. "అత్తయ్యా, ఊరుకోండి. ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి."

"నువ్వు మడతపెట్టుకో తల్లీ. మాట్లాడుతున్నది నేను."

మర్నాడు అత్త అందరికంటే ముందే వచ్చి, తాళ్లన్నీ విప్పి అవతలి గోడకు కట్టేసింది. మేకులు కొట్టడంలో బొటనవేలు చితికింది. పది గంటలకు రంపం మనిషిని వెంటబెట్టుకుని సూపర్వైజరు వచ్చేసరికి, చెట్టు మొదట్లో స్టూలు వేసుకుని కూర్చుని ఉంది.

"లే."

"లేస్తాను. ఎందుకు కొట్టిస్తున్నారో కాగితం మీద రాసి సంతకం పెట్టండి. దీని కింద ఇప్పుడు ఒక్క దుప్పటి కూడా లేదని, అదీ రాయండి."

రంపం మనిషి నవ్వాపుకోలేక తల పక్కకు తిప్పుకున్నాడు. కిటికీల్లోంచి నర్సులు చూస్తున్నారు. జేబులోని పెన్ను దాకా వెళ్లిన సూపర్వైజరు చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నీ సంగతి తర్వాత చూస్తా," అని వెళ్లిపోయాడు.

చూశాడు కూడా. వారం తిరక్కుండానే ఆమెను మురికిబట్టలు వేరుచేసే గదిలో పడేశాడు. రక్తం, చీము, ఫినాయిలు కంపు. కోడలు ఏడ్చింది.

"ఒక చెట్టు కోసం ఇంత అవసరమా అత్తయ్యా?"

"అవసరమే. ఇన్నేళ్లూ నోటితో ఎన్ని అన్నా, చేత్తో మాత్రం వాళ్లు చెప్పిందే చేశాను. చెయ్యకపోవడం ఇదే మొదటిసారి. ప్రాణం హాయిగా ఉంది."

రోజూ మధ్యాహ్నం భోజనం డబ్బా పట్టుకెళ్లి, సూపర్వైజరు కిటికీకి ఎదురుగా ఆ చెట్టు కిందే తినేది. అతను తెర లాగేసుకునేవాడు. తర్వాత రెండుసార్లు ఇస్త్రీ బల్లకు తిరిగి రమ్మని కబురు పెట్టారు.

"ఆయన్నే వచ్చి బతిమాలమనండి," అంది.

ఎవరూ రాలేదు. ఆమె కూడా వెళ్లలేదు. ఆరేళ్లకు ఆ గదిలోంచే రిటైరైంది.