పట్టుబడి అయ్యేదాకా ఆగండి

కోర్టు గడువుల మీద నాకున్న కోపం ఇప్పట్లో చల్లారేది కాదు. గడువే ఉండకూడదని కాదు నా గొడవ. అది మా నాన్నకొక రకంగా, పక్క చెరువు ఆసామికొక రకంగా ఎందుకు నడిచిందని.

గణపవరం దగ్గర మా వరిచేను. అందులోని మురుగునీరు బోదె అనే పిల్లకాలువ గుండా పోయేది. పక్క పొలాన్ని చేపల చెరువుగా మార్చిన ఆసామి ఆ బోదెకు అడ్డంగా గట్టు పోశాడు. నాన్న ఆ గట్టులో ఒక తూము పెట్టించారు. అంతే, గట్టు జోలికి రాకూడదంటూ అతను ఏలూరు కోర్టులో దావా పడేశాడు. కేసు తేలేలోపు తూము మూయించమని దాంతోపాటే ఇంకో పిటిషన్. దానికి ఫలానా వాయిదాలోగా కౌంటరు, అంటే మన జవాబు, వేసుకోమని మాకు నోటీసు వచ్చింది.

ఆ సాయంత్రమే ఆసామి మా ఇంటికొచ్చి, కాఫీ తాగి మరీ చెప్పాడు.

"ఏవండీ, ఈ ప్లీడర్లూ అదీ మనకెందుకండీ. పట్టుబడి అయ్యేదాకా ఆగండి. మనలో మనం కూర్చుని తేల్చేసుకుందాం."

చెరువులో చేప పట్టి అమ్మడాన్ని మేం పట్టుబడి అంటాం. చేప ఉండగా చెరువు ఆసామితో తగువు పెట్టుకోవడం మావైపు మర్యాద కాదు. రేపు నాలుగు చేపలు చచ్చి తేలినా, మందు కలిపారన్న నింద తగువు పడ్డవాళ్ల మీదికే వస్తుంది. అందుకే పరువున్నవాళ్లు పట్టుబడి దాకా నోరు మెదపరు. నాన్న కూడా మెదపలేదు, వాయిదాకు వెళ్లలేదు. అతను మాత్రం దర్జాగా ప్లీడరును పంపి, మేం రాలేదని చెప్పించి, ఆర్డరు పట్టుకొచ్చాడు. ఎంత గుండెలు తీసిన బంటు! తూము మూతపడింది.

తాడేపల్లిగూడెంలో ఉద్యోగం చేసుకుంటున్న నాకు అప్పుడు తెలిసింది. సెలవు పెట్టి నాన్నను ఏలూరులో ఒక ప్లీడరు గారి దగ్గరికి తీసుకెళ్లాను. గడువు దాటినందుకు తగిన కారణం చూపిస్తే ఆ ఆర్డరు రద్దు చేయించి, కౌంటరు వేయొచ్చన్నారాయన. అసలు కారణం చెబితే నవ్వేశారు. ఎదుటివాడి మాట నమ్మామంటే కోర్టు వినదట. టైఫాయిడ్ అని రాద్దాం, సర్టిఫికెట్ సంగతి నేను చూసుకుంటాను, అందరూ రాసేదే కదా అన్నారు.

"నాకు జ్వరం రాలేదండి," అన్నారు నాన్న.

ఎంత నచ్చజెప్పినా అదే మాట. చివరికి ప్లీడరు గారు ఉన్నది ఉన్నట్టే రాసి పిటిషన్ వేశారు.

ఇక చూడండి తమాషా. ఈసారి కౌంటరు వేయాల్సింది ఆసామి. ఒక వాయిదాకు అతని ప్లీడరు ఊళ్లో లేడు. ఇంకోదానికి కాగితాలు అందలేదు. మరోసారి వాళ్లింట్లో పెళ్లి. అడిగినప్పుడల్లా వాయిదా ఇస్తూనే పోయారు. ఈలోగా వానలు పడి, పోయే దారి లేక మా చేలో నీళ్లు నిలిచిపోయాయి. నాకు ఒళ్లు మండిపోయేది. ఆఖరికి వేసిన కౌంటరులో ఏముంది? తాను మా గడపే తొక్కలేదని, ఏ మాటా ఇవ్వలేదని ప్రమాణం చేసి మరీ సంతకం పెట్టాడు. అతనికి ఆ రోజు కాఫీ ఇచ్చింది మా అమ్మ. సొంత మనిషి కాబట్టి ఆవిడ మాట లెక్కలోకి రాలేదు. మేం చూపిన కారణం నమ్మదగ్గట్టు లేదని పిటిషన్ కొట్టేశారు.

తిరుగు బస్సులో నాన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఈ ఏటికి చేను చేతికి రాదని ఇద్దరికీ తెలుసు. ఉంగుటూరు దాటాక, నా వైపు చూడకుండానే అన్నారు.

"జ్వరమనే రాయించాల్సిందమ్మా."