బిడ్డ ఎట్లుండింది

కడుపులోనే బిడ్డలు ఎందుకు చనిపోతున్నారో తెలుసుకునే ఒక పరిశోధనలో నేను మార్కాపురంలో నర్సుగా పనిచేశాను. అలా బిడ్డను పోగొట్టుకున్న తల్లుల ఇళ్లకు వెళ్లి మాట్లాడటం నా పని.

ఒకసారి బేస్తవారిపేట దగ్గర గొర్రెలు మేపుకునే వాళ్లింటికి వెళ్లాను. ఆ ఇంటి కోడలికి కాన్పయి నెల దాటింది. నన్ను చూడగానే అత్తగారు వాకిట్లోనే అడ్డం నిలబడింది.

"ఇప్పుడిప్పుడే ఇంత బువ్వ తింటాంది. మళ్లీ గుర్తు చేసేది ఏంది? పోమ్మా."

ఆమె మాట న్యాయమే అనిపించి వెనక్కి తిరిగాను. అంతలో కోడలు బయటికి వచ్చింది.

"పోవద్దక్కా, కూచో. ఏమడగాలో అడుగు."

బిడ్డ కదలికలు ఎప్పుడు తగ్గాయో, ఆసుపత్రికి ఎలా చేరారో నిదానంగా చెప్పింది. నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"ఇన్ని అడిగినావు. బిడ్డ ఎట్లుండిందో మాత్రం ఎవరూ అడగలేదక్కా."

పరిశోధనకు కావలసిన ప్రశ్నల్లో అది లేదు. మళ్లీ కూర్చుని అడిగాను.

"ఆడబిడ్డ. తల నిండా జుట్టు. ముక్కు అచ్చం మా నాయనదే."

గుమ్మంలో నిలబడి వింటున్న అత్తగారు వచ్చి కోడలి పక్కన కూర్చుంది.

"వేళ్లు నావే, సన్నగా, పొడుగ్గా. గుడ్డలో చుట్టింది నేనే గదా," అంది.

అత్త నోట బిడ్డ మాట కోడలు వినడం అదే మొదటిసారి. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నా బస్సు వెళ్లిపోయింది. ఆ పూట వాళ్లింట్లోనే జొన్నరొట్టె తిన్నాను.

తర్వాత వెళ్లిన ఇళ్లలో, తల్లి చెప్పాలనుకుంటే, ముందు బిడ్డ గురించి వినేదాన్ని. నా ప్రశ్నలు ఆ తర్వాతే.