జింక ముక్కు, కాబోయే అత్త ముక్కు

నేను యాంగూన్ వెళ్ళింది పగోడాలు చూడ్డానికి కాదు. ఒక సబ్బు పనిచేస్తుందో లేదో తేల్చడానికి. నవ్వకండి, వీసా దరఖాస్తులో మాత్రం బుద్ధిగా "పర్యటన" అనే రాశాను.

విశాఖపట్నంలో ఎక్స్‌రేలు తీయడం నా ఉద్యోగం. సెలవు దొరికితే కెమెరా భుజాన వేసుకుని అడవి పట్టుకుని తిరగడం నా పిచ్చి. దగ్గర్లో ఒక జింక కనిపిస్తే నాకు ఆ పూట పెళ్ళి భోజనమే. కానీ నేను దాన్ని చూసేలోపే అది నా వాసన పట్టేసి మాయమైపోతుంది. అందుకని విదేశాల్లో జింకల్ని వేటాడేవాళ్ళు వాడే సరుకు ఆన్‌లైన్లో తెప్పించాను. వాసన లేని సబ్బు, ఒంటి మీద కొట్టుకునే స్ప్రే, లోపల బొగ్గు పొర కుట్టిన కోటు. వేటగాళ్ళంటే నాకు ఒళ్ళుమంట గానీ వాళ్ళ సబ్బుతో నాకేం తగువు లేదు. అది వాడితే మనం అక్కడ లేనట్టే అని సీసా మీద రాశారు. మా ఇంట్లో నేను ఏ సబ్బూ వాడకుండానే అలా ఉంటున్నాను, అది వేరే సంగతి.

ఆ సరుకు ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టిన రోజే సైమన్ ఫోన్ చేశాడు. మా ముత్తాతగారి తమ్ముడు అప్పటి రంగూన్ రేవులో పనికని వెళ్ళి, అక్కడే బాప్తిస్మం తీసుకుని, అక్కడే ఉండిపోయాడు. సైమన్ ఆయన మునిమనవడు, వరసకి నాకు తమ్ముడు. యాంగూన్‌లో చిమిండైంగ్ బజార్లో వాళ్ళకి నప్పి దుకాణం ఉంది. నప్పి అంటే చిన్న రొయ్యలూ చేపలూ ఉప్పు వేసి ఎండబెట్టి, దంచి, మాగబెట్టిన ముద్ద. బర్మాలో అది లేనిదే ముద్ద దిగదు. దాని వాసన మాత్రం మనిషి కంటే ముందు గుమ్మంలోకి వస్తుంది.

"అక్కా, ఆ మందు నాకు గావాల," అన్నాడు.

"జింకల్ని వేటాడతావేంట్రా? జైల్లో వేస్తారు."

"జింకలకి కాదక్కా. లిల్లీ వాళ్ళమ్మకి."

లిల్లీ, వీడు ఒకే చర్చిలో పాడతారు. పాడుతూ పాడుతూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. లిల్లీ తల్లి ఎస్తేరు అదే ఊళ్ళో అహ్లోన్ పేటలో ఉంటుంది. ఆవిడ మొహమాటం లేకుండా చెప్పేసింది: "నప్పి వాసనోడు నా గడప తొక్కకూడదు." ఈస్టర్‌లోపు మాట కుదరకపోతే లిల్లీని మాండలేలో ఉన్న వాళ్ళ పెద్దమ్మ చూసిన సంబంధానికి ఇచ్చేస్తారట. సరే, వస్తున్నానురా అన్నాను.

మధ్యాహ్నం విశాఖలో హౌరా వెళ్ళే రైలెక్కితే మర్నాడు పొద్దున్న దింపింది. ఎదురు బెర్తులో బరంపురం పెద్దావిడ ఒకామె పూరీలు పెట్టి, "రంగమెళ్తన్నావా అమ్మా? మా తాత ఎల్లి టీకు పెట్టె, మలేరియా అట్టుకొచ్చినాడు," అని ఆశీర్వదించింది. మా వైపు పాతవాళ్ళకి రంగూన్ అంటే రంగమే. కోల్‌కతాలో విమానం పన్నెండున్నరకి. రెండు గంటలైనా పట్టదు గానీ దిగగానే గడియారం గంట ముందుకి తిప్పుకోవాలి.

కస్టమ్స్ దగ్గర ఒక అమ్మాయి నా పెట్టె తెరిచి స్ప్రే సీసాలు బయటికి తీసింది. మూత తీసి వాసన చూసింది. మళ్ళీ చూసింది. "సెంటు అన్నారు, వాసనే లేదే?" అంది ఇంగ్లీషులో.

"లేకపోవడమే దాని పనమ్మా."

పాపం, మోసపోయిన మనిషిని చూసినట్టు నన్ను జాలిగా చూసి వదిలేసింది.

వెళ్ళేవాళ్ళకి ఒక ముక్క చెబుతాను. డాలర్లు మడత పడకుండా పుస్తకంలో పెట్టుకుని తీసుకెళ్ళండి. నలిగిన నోటుని అక్కడివాళ్ళు చూసినంత చిన్నచూపు మా అత్తగారు కూడా నన్ను చూడలేదు. రేవుకి దగ్గరగా మూడో అంతస్తులో గెస్ట్‌హౌస్ దొరికింది. గది శుభ్రంగానే ఉంది, కరెంటే చుట్టం చూపుగా వచ్చి పోతుంటుంది.

మర్నాడు పొద్దున్న సైమన్ వచ్చాడు. తెల్లటి పళ్ళు, చారల లుంగీ, నోట్లో కిళ్ళీ. "వొచ్చీసినావా అక్కా!" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఓర్నాయనో! వాసన గురించి ఫోన్లో విన్నది వేరు. వాడు మంచివాడు, స్నానం చేసే వచ్చాడు, అయినా ఇంగువ కట్టిన గుడ్డకి వాసన పోతుందా? ఇద్దరం పడవలో నది దాటి అవతలి ఒడ్డున దలాకి వెళ్ళాం. వాళ్ళ కళ్ళం అక్కడే, నది ఒడ్డున. చాపల మీద రొయ్యపొట్టు ఎర్రగా ఎండుతోంది. సైమన్ వంగి గుప్పెడు తీసి నలిపి, వాసన చూసి, మా మావయ్య మామిడిపండు చూసినంత ముచ్చటగా తలూపాడు. పావుగంటలో నా ముక్కు కూడా రాజీపడింది.

"ఈ పని మానేసి ఇంకోటి చూసుకోకూడదా?" అన్నాను.

"మా అయ్య సేసినాడు, తాత సేసినాడు. నాకిది వొచ్చు అక్కా. ఇంకేటి సేత్తాను?"

నేనూ వంగి గుప్పెడు రొయ్యపొట్టు తిరగేశాను.

ముందు జింకల మీద చూద్దాం, తర్వాత అత్త మీద ప్రయోగిద్దాం అన్నాను. ఊరికి ఉత్తరాన జింకల్ని వదిలిపెట్టిన పార్కు ఉంది. మర్నాడు పొద్దున్న ఏడింటికి టాక్సీ మాట్లాడుకున్నాం. అక్కడ బండ్లు రోడ్డుకి కుడి పక్కన నడుస్తాయి, స్టీరింగు కూడా చాలా బండ్లకి కుడివైపే ఉంటుంది. ముందు లారీని దాటాలంటే డ్రైవరు ఎడం పక్కన కూర్చున్నవాళ్ళని అడగాలి. ఎడం పక్కన నేనే కూర్చున్నాను. దారిలో ఒక బండి దగ్గర మొహింగా తిన్నాం, చేపల పులుసులో సేమ్యా లాంటిది. తిన్నాక గుర్తొచ్చింది, ఒంటి వాసన చంపుకుని నోట్లో చేపల పులుసు పెట్టుకున్నామని.

పార్కులో నేను సబ్బుతో స్నానం చేసిన మనిషిని, కోటు వేసుకున్నాను, సీసాలో సగం కొట్టుకున్నాను. సైమన్ ఉన్నవాడు ఉన్నట్టే. మొదట నేను గాలికి వీపు పెట్టి చెట్ల చాటున కణుజు జాతి పెద్ద జింక ఒకదాని వైపు నడిచాను. అది తలెత్తింది. కాలితో నేల తన్నింది. కారు హారన్ కొట్టినట్టు ఒక్క అరుపు అరిచి గుబురులోకి పోయింది. బొగ్గు కోటులో నేను మాత్రం వంకాయలా ఉడికిపోయాను.

"గాలి సూడలేదక్కా నువ్వు," అని సైమన్ సంచిలోంచి తనకా డబ్బా తీశాడు. అక్కడ ఆడా మగా చెంపలకి రాసుకునే చెక్క గంధం అది. అరచేతిలో పొడి పోసి ఊదాడు. పొడి ఎటు పోతే గాలి అటు. ఈసారి గాలికి ఎదురుగా నడిచాం, ఇద్దరం, కోటు లేకుండా. ఇంకో గుంపు మేస్తూ కనిపించింది. ముప్ఫై అడుగుల దాకా వెళ్ళాం. ఒక్కటీ తలెత్తలేదు! నా పక్కనే దలా మొత్తం నడిచొస్తున్నా జింకలకి చీమ కుట్టినట్టయినా లేదు. నా జన్మలో అంత దగ్గరగా ఫొటోలు తీయలేదు.

అంతటితో అయిపోలేదు. గేటు దగ్గర జనానికి అలవాటైన ఆడ జింక ఒకటి ఉంది. స్నానం చేసి, స్ప్రే కొట్టుకుని, అరటిపండు పట్టుకుని నిలబడ్డ నన్ను చూడనైనా చూడలేదు. నేరుగా సైమన్ దగ్గరికెళ్ళి మోచేతి దాకా నాకేసింది. ఉప్పు కదా మరి!

"సూసినావా, దీనికి నాను నచ్చినాను," అన్నాడు వాడు కళ్ళు మెరుస్తూ.

కాబట్టి పాఠకులారా, నా తీర్పు ఇది. గాలికి ఎదురు నడిస్తే ఆ సరుకు అక్కర్లేదు. గాలికి వీపు పెడితే ఆ సరుకు చాలదు. మధ్యలో ఎప్పుడైనా కాస్త ఉపకారం చేస్తుందేమో, నేను కాదనను, ఒక్క పొద్దున్న చూసినదాన్నిబట్టి శాస్త్రం చెప్పేంత దాన్ని కాదు. వేటగాడికి అది ధైర్యం మందు. డబ్బు పెట్టాడు గనక కదలకుండా కూర్చుంటాడు, కదలకుండా కూర్చున్నాడు గనక జింక వస్తుంది, పేరు సబ్బుకి.

ఇదంతా చెప్పినా సైమన్ వినలేదు. "జింక ముక్కు వేరు, అత్త ముక్కు వేరు. ఒక్క పూట నడిస్తే సాలక్కా," అన్నాడు. ఎస్తేరు చేత మమ్మల్ని ఆదివారం భోజనానికి పిలిపించడానికి లిల్లీ ఇండియా నుంచి వచ్చిన చుట్టాన్ని అడ్డు పెట్టుకుంది. ఆ చుట్టాన్ని నేనే. ఆ అవకాశం మళ్ళీ రాదని అందరికీ తెలుసు.

ఆదివారం తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక వాడు నా గెస్ట్‌హౌస్‌కి వచ్చి స్నానాల గదిలో దూరాడు. సబ్బు అరగదీశాడు. కొత్త చొక్కా మీద సీసా ఖాళీ చేశాడు. బయటికి వచ్చి నిలబడితే నేను దగ్గరికెళ్ళి వాసన చూశాను. ఏమీ లేదు! గోడని వాసన చూసినట్టుంది.

అహ్లోన్‌లో ఎస్తేరు ఇల్లు మేడ మీద. ఆవిడ సన్నగా, నిటారుగా, ఇస్త్రీ మడతలా ఉంది. ఆవిడ వెనకాల "అత్త" అనే సైమన్ ఎదురుగా "ఆంటీ, నమస్కారం," అన్నాడు చిన్న గొంతుతో. ఆవిడ దగ్గరికొచ్చి, సిగ్గూ ఎగ్గూ లేకుండా, వాడి భుజం దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది. లిల్లీ గుమ్మం పట్టుకుని ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టాను.

"ఏటి రాసుకున్నావు?"

"సబ్బు, ఆంటీ."

"బాగుంది." ఆవిడ మొహంలో సంతోషం లేదు. ఆడుకునే పిల్ల చేతిలోంచి బొమ్మ లాగేసుకుంటే ఆ పిల్ల పెట్టే మొహంలా ఉంది. "మరి రేపు? రేపు దుకాణంలోనే కదా కూకుంటావు?"

కంచాలు వేశారు. అన్నం, కోడికూర, పచ్చి కూరగాయల పళ్ళెం, నడుమ గిన్నెలో ముంచుకోవడానికి కారం కారంగా నప్పి! నా నోరు ఊరుకోదు. "ఇదేంటండీ మరి?" అని గిన్నె చూపించాను.

"అది తినడానికి. నాను సెప్పేది బతకడానికి," అంది ఆవిడ. చెయ్యి కంచంలోనే ఉంచి, మమ్మల్ని చూడకుండా చెప్పింది. "మాయమ్మ దలా నుంచి నెత్తిమీద నప్పి బుట్ట అట్టుకుని పడవ దిగేది. అమ్మీసినాక అట్నుంచే బడికొచ్చి నన్ను తీసుకెళ్ళేది. పిల్లలు ముక్కులు మూసుకునీవోళ్ళు. నాను మాయమ్మ సెయ్యి వొదిలీసి ముందు నడిసేదాన్ని. అమ్మ పోయింది. ఆ సెయ్యి ఇంక దొరకదు. రేపు లిల్లీకి పుట్టిన పిల్ల దీని సెయ్యి వొదిలీకూడదు. అంతే."

నాకు కళ్ళు మండాయి. కారం అని చెప్పుకోవడానికి గిన్నె ఉండనే ఉంది.

సైమన్ కంచం కాస్త వెనక్కి జరిపాడు. "ఆంటీ, నాను ఈ పని మాన్ను. మీకు అబద్ధం సెప్పను. ఆదివారం ఒక పూట ఇలగుంటాను, మిగతా రోజులు అలగే ఉంటాను. మా అమ్మ సెయ్యి నాను ఎప్పుడూ వొదల్లేదు. నాకు పుట్టినోళ్ళు వొదల్రు. మీరే సెప్పండి."

"నాకు ఆ వాసన తెలిసే కదమ్మా ఒప్పుకున్నాను," అంది లిల్లీ తలుపు దగ్గర్నుంచే.

ఎస్తేరు ఔననలేదు, కాదనలేదు. లేచి వెళ్ళి సైమన్ కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది. మెట్లు దిగుతూ వాడు "అయిపోనాదక్కా, అంతా అయిపోనాది," అన్నాడు. నేను ఓదార్చాలని చూశాను గానీ నాకూ అలాగే అనిపించింది.

మంగళవారం తిరుగు ప్రయాణం. పొద్దున్న బేరం వదులుకోలేక సైమన్ విమానాశ్రయానికి రాలేదు. ముందు రోజు సాయంత్రమే వచ్చి, ఇంట్లో వాళ్ళకని నప్పి పొట్లం ఇచ్చాడు. నేను దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బొగ్గు కోటులో చుట్టి, చేతిసంచి అడుగున పెట్టాను. టాక్సీ సగం దూరం వచ్చిందో లేదో ఫోను మోగింది. వెనకాల బజారు గోల, వాడి గొంతు ఆ గోల మీదుగా వస్తోంది.

"అక్కా, అత్త వొచ్చింది!"

"ఎక్కడికి?"

"దుకాణానికి! ఒక్కర్తీ వొచ్చింది. నన్ను సూడలేదు, నప్పి కుప్ప సూసింది. కొనీవోళ్ళు సూసినట్టు యేలు పెట్టి నాకి సూసింది. 'తడి ఎక్కువుంది, ఇంకో ఎండ పడాల. మాయమ్మ అయితే ఇది ఇసిరికొట్టీది,' అని తిట్టింది. అందరి ముందరా తిట్టిందక్కా! తిట్టీసి, 'పెళ్ళయ్యాక లిల్లీకి నేర్పుతాను, అది సూసుకుంటాదిలే,' అని ఎల్లిపోనాది."

వాడు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. నేను చర్చికి వెళ్ళే మనిషిని కాదు గానీ టాక్సీలో "హల్లెలూయా!" అని అరిచాను. డ్రైవరు ఉలిక్కిపడి బ్రేకు వేశాడు.

యాంగూన్ ఎలా ఉంది అని అడిగేవాళ్ళకి నేను ఇదే చెబుతాను. ఎండ ఎక్కువ, కరెంటు తక్కువ, మనుషులు తిట్టినా పెట్టినా ఎదురుగానే. వెళ్ళండి. విమానం పైకి లేచి పానీయాలు పంచే వేళకి పక్క సీటాయన ముక్కు ఎగబీల్చడం మొదలెట్టాడు. తన బూట్లు చూసుకున్నాడు, చంక వైపు తల తిప్పుకున్నాడు, చివరికి నా వైపు వంగి, ఆ వాసనేమిటండీ అన్నాడు.

"మా ఇంట్లో పెళ్ళండీ," అన్నాను.