మూడు ముక్కల మాత్ర

1979లో నన్ను ఆదోనిలో క్షయ విభాగానికి హెల్త్ విజిటరుగా వేశారు. గది ఎంత ఇరుకంటే, ఎవరైనా గట్టిగా దగ్గితే తప్ప మా ఫ్యాను తిరిగేది కాదు. రోగికి నెలకు సరిపడా మాత్రలివ్వడం, కఫం పరీక్ష చేయించి క్రిమి పోయిందో లేదో చూడడం మా పని. పోకపోతే కారణం వెతికే శ్రమ మాకుండేది కాదు. పైవాళ్ళు ముందే కనిపెట్టి పెట్టారు: ‘మందు సరిగా మింగడు.’ రిజిస్టరులో ఆ మాట రెండోసారి పడితే పేరు కొట్టేస్తారు. పేరుతో పాటే మాత్రలూ పోతాయి.

ఈరన్నకు ఒకసారి పడింది. దగ్గు ముదిరి ఇల్లు చేరేదాకా ఆదోని జిన్నింగు మిల్లులో పత్తి మోసిన మనిషి, నందవరం పక్క పల్లె. నెల తప్పకుండా వచ్చి మాత్రలు పట్టుకుపోయేవాడు. క్రిమి మాత్రం కదిలేది కాదు. మా డాక్టరు గారి కోపానికి స్పిరిటు దీపం అగ్గిపుల్ల లేకుండానే అంటుకునేది. మాత్రలు అమ్ముకుంటున్నావా, సారాలో కలుపుకుంటున్నావా అని ఆయన నిలదీశారు.

"దేవుని సాచ్చి, ఇంట్లోనే అయిపోతాండాయి సార్" అన్నాడు ఈరన్న.

జవాబంతా ఆ మాటలోనే ఉంది. వినే చెవే ఆ గదిలో లేదు.

రెండోసారి రాసి పేరు కొట్టేసే ముందు ఇంటికి వెళ్ళి చూసి రావాలని నియమం. ఎమ్మిగనూరు మీదుగా బస్సులో బయలుదేరాను. లోపల మనుషులు, పైన మనుషులు, పైవాళ్ళ ఒళ్ళో మేకలు. దిగేసరికి నా చొక్కా గుండీలు ఇంకెవరి చొక్కాకో ఉన్నాయి.

ఈరన్న భార్య లచ్చుమక్క జొన్నరొట్టెలు చేస్తోంది. కూర్చోకముందే ఒకటి విరిచి నా చేతిలో పెట్టింది. ఇంటికి ఏది వచ్చినా విరిచి అందరికీ పెట్టడం ఆ ఇంటి మర్యాద. తర్వాత మాత్ర తీసి, అదే చేత్తో మూడు ముక్కలు చేసింది. ఒకటి ఈరన్నకు, ఒకటి దగ్గుతున్న మరిదికి. పెద్ద ముక్క దగ్గుతున్న అత్తకు.

"ఇదేం పనమ్మా?" అన్నాను.

"ఏం పనా? ముగ్గురూ దగ్గుతాంటే ఒకడు మింగల్ల, ఇద్దరు సూస్తా కూసోవల్లనా? మీ ఇంట్లో అట్లనే తింటారా సార్?"

మిగతా ఇద్దరూ ఆదోనికి ఎందుకు రాలేదన్నాను.

"ముసల్ది బస్సెక్కలేదు. మరిది ఆడికొస్తే ఈడ కూలి పాయ. మీరొచ్చి సూసినారా ఒక్కనాడన్నా?"

అరకొర మందు క్రిమిని చంపదు. దెబ్బ ఎలా కాచుకోవాలో నేర్పుతుంది. ఈరన్న ఒంట్లోని క్రిమి ఆ చదువు ముగించి పట్టా కూడా పుచ్చుకుంది.

ముగ్గురికీ విడివిడిగా మందివ్వాలని, ఈరన్నకు మందు మార్చాలని రాశాను. మొదటిదానికి డాక్టరు గారు ఒప్పుకున్నారు. రెండోదానికి కర్నూలు పెద్దాసుపత్రికి రాయాలి. మింగనివాడికి ఖరీదైన మందెందుకయ్యా అన్నారు. మింగుతున్నాడు, మూడో వంతు మింగుతున్నాడు అని నేనరిచిన అరుపు కౌతాళం దాకా వినిపించింది. పక్క గదిలో ఉన్న కాంపౌండరు మాత్రం తనకేమీ వినపడలేదంటాడు.

చివరికి కాగితం కర్నూలు వెళ్ళింది. మందు వచ్చేసరికి ఈరన్న లేడు. తమ్ముడూ తల్లీ మాత్రలు పూర్తిగా మింగి తేరుకున్నారు. వాళ్ళ క్రిమి ఇంకా అంత చదువుకోలేదు.

ఈరన్న పేరు పక్కన ‘మందు సరిగా మింగడు’ అలాగే ఉండిపోయింది. ఆ మాట కొట్టేయమని అడిగితే, చనిపోయినవాళ్ళవి దిద్దకూడదన్నారు. చికిత్స ఓడితే రోగిని తిట్టేముందు, ఆ ఇంట్లో ఇంకెవరు దగ్గుతున్నారో అడగాలి. దానికయ్యే ఖర్చు ఒక బస్సు టిక్కెట్టు.