రుచి చూసే ఉద్యోగం

సన్నగా తరిగిన ఉల్లిపాయల మీద మరిగే వెనిగర్ పోస్తే లేచే ఆవిరి సూటిగా కళ్లలోకి వస్తుంది. కువైట్‌లోని ఎగైలాలో నేను పనిచేసే క్యాటరింగ్ వంటగదిలో, జర్మన్ పద్ధతి బంగాళాదుంప సలాడ్‌కు ఆర్డరు వచ్చిన రోజున అందరి కళ్లూ చెమరుస్తాయి. నావి కూడా వెనిగర్ వల్లేనని చెబుతుంటాను. ఆ సలాడ్ నాకు నేర్పిన మనిషి రుమైథియాలో ఉండేది.

చుట్టుపక్కలవాళ్లు ఆవిడను పెద్దకొడుకు పేరుతో ఉమ్ ఖాలిద్, అంటే ఖాలిద్ వాళ్లమ్మ, అనేవారు. పనివాళ్లం ఇక్కడి వాడుకలో మామా, అంటే అమ్మా, అనేవాళ్లం. వయసులో ఉండగా ఒక కువైటీ ఇంజనీరును పెళ్లాడి జర్మనీ నుంచి వచ్చి, ఆయన పోయాక కూడా ఉండిపోయింది. ఇక్కడి ఎండకు అలవాటు పడటానికి ఎంతకాలం పట్టిందని అడిగితే, "ఇంకా పడుతూనే ఉంది" అంది. నేను రాయచోటిలో జువాలజీ డిగ్రీ పూర్తిచేసి ఆ ఇంటికి వంటమనిషిగా వెళ్లాను. కప్పను కోసిన చేతికి బంగాళాదుంప ఒక లెక్క కాదనే ధీమా ఉండేది. మొదటి నెలలు పరీక్షాకాలం. నచ్చకపోతే నన్ను రప్పించిన ఏజెన్సీ ఆఫీసుకు, అంటే మక్తబ్‌కు, తిరిగి పంపేయవచ్చు. అలా తిరిగొచ్చిన మనిషికి తర్వాత ఎలాంటి ఇల్లు దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు.

ప్రతి శుక్రవారం కొడుకులూ కోడళ్లూ మనవలూ భోజనానికి వచ్చేవారు. మిగతావి ఎవరెలా వండినా, సలాడ్ మాత్రం మామా చెప్పినట్టే జరగాలి. దుంపలు తొక్కతోనే ఉడకాలి. పొగలు కక్కుతుండగానే ఫోర్కుకు గుచ్చి ఒలిచి, పలచని బిళ్లలుగా కోయాలి. ఉల్లిపాయ, వెనిగర్, ఆవముద్ద కలిపిన వేడి కోడిరసం పోసి, బిళ్లలు దాన్ని పీల్చుకునేదాకా ఆగాలి, నూనె చివర్న. మయొనైజ్ పేరెత్తితే, ఎవరో పోయిన కబురు విన్నట్టు కళ్లు మూసుకునేది. "మా ఊళ్లో పందిమాంసం వేయించి వేస్తారు. మొదటి ఏడాది అది లేదని ఏడ్చాను. రెండో ఏడాది గొడ్డుమాంసం వేశాను. తర్వాత మర్చిపోయాను," అంది. కడప నుంచి వచ్చిన డ్రైవర్ మహబూబ్ బాషా తొంగిచూసి తీర్పు చెప్పేశాడు: "ఉర్లగడ్డ కూరే కదక్కా ఇది! తాలింపు మర్సిపోయినారు, అంతే."

మొదటి శుక్రవారం మామా చెంచా నా చేతికిచ్చి, "రుచి చూడు," అంది. చిక్కు అక్కడే వచ్చింది. మా ఇంట్లో వండేవాళ్లు రుచి చూడరు. నలుగురికీ పెట్టకముందే నోట్లో వేసుకుంటే గిన్నెంతా ఎంగిలి. ఉప్పు సరిపోయిందో లేదో మా అమ్మ వాసనను బట్టి చెబుతుంది. నేనూ ఆ విద్యే ప్రదర్శించాను. చెంచాను ముక్కు దాకా తీసుకెళ్లి, "చాలా బాగుంది మామా," అన్నాను.

భోజనాల దగ్గర అందరూ సలాడ్ వడ్డించుకున్నారు. పెద్దకొడుకు ఖాలిద్ గారు ఉప్పుసీసా అందుకున్నారు. తర్వాత అది చేతులు మారుతూ బల్లంతా తిరిగింది. మామా తినడం ఆపి దాన్నే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం వంటింట్లోకి వచ్చి తలుపు వేసింది.

"నువ్వు తినలేదు."

ఎంగిలికి నాకు తెలిసిన ఇంగ్లీషులో మాట లేదు, అరబిక్‌లో అసలే లేదు. చేతులతో వివరించాను. ఆవిడ శ్రద్ధగా విని, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి నాకు రుచి తెలియడం లేదు. వాసన కూడా. ఉప్పూ చక్కెరా ఒకటే. కొడుకులకు తెలిస్తే 'ఖలాస్, ఇక వంట చాలు' అని ఈ ఇల్లు మూసి అర్దియాలో వాళ్లింటికి తీసుకెళతారు. పనిచేసే చేతులు ఎక్కడైనా దొరుకుతాయి. నాకు నాలుక కావాలి. కుదరదంటే మక్తబ్‌కు ఫోన్ చేస్తాను. కోపంతో కాదు."

కోపంతో కాదన్న మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అక్కడికక్కడే మళ్లీ దుంపలు ఉడకబెట్టించింది. ఆవిడ చూస్తుండగా, ఎవరూ తినకముందే, గిన్నెలోంచి ఒక బిళ్ల తీసి నోట్లో వేసుకున్నాను. ఇంటికప్పు కూలలేదు.

"ఎలా ఉంది?"

"బాగుంది మామా."

"ఇదివరకటి వంటమనిషి కూడా అలాగే అనేది. అందుకే ఇప్పుడు లేదు."

ఇంకో బిళ్ల తిన్నాను. "ఉప్పు తక్కువ. వెనిగర్ ఎక్కువ. మిరియాలు వేశామో లేదో దేవుడికే తెలియాలి."

మామా ఉప్పుడబ్బా నా వైపు జరిపింది. "యల్లా, వెయ్యి," అంది.

పరీక్షాకాలం ఎప్పుడు గడిచిపోయిందో ఇద్దరం పట్టించుకోలేదు. ఆ సలాడ్ ఆవిడ చెప్పినట్టు మొదలై నా నాలుక చెప్పినట్టు ముగిసేది. ఆ నాలుక రాయచోటిది కాబట్టి మిరియాలు వారంవారం కాస్త పెరుగుతూ పోయాయి. ఒక శుక్రవారం ఖాలిద్ గారు రెండోసారి వడ్డించుకుని, "మా చిన్నప్పటి రుచి! అచ్చం అదే!" అన్నారు. అందరూ వెళ్లాక ఉండబట్టలేక మామాకు నిజం చెప్పేశాను: ఇందులో ఇప్పుడు సగం ఘాటు మా ఊరిది.

ఆవిడ నవ్వింది. "తమ చిన్నతనం గురించి మగపిల్లలకు ఎప్పుడూ సరిగ్గా తెలియదు. అలాగే వెయ్యి."

కొన్నేళ్ల తర్వాత ఆవిడ తన ఇంట్లోనే, అర్దియాకు వెళ్లకుండానే పోయింది. నన్ను పొగిడిన గుర్తు లేదు. 'బాగుంది' అన్న మాటను తొందరపడి నమ్మకపోవడం మాత్రం నాకు అంటించి వెళ్లింది. ఇప్పుడు క్యాటరింగ్ వంటగదిలో నా కింద కొత్తగా చేరినవాళ్లకు చెంచా ఇచ్చి అడిగితే, అందరూ "బాగుంది మేడం" అంటారు. అందులో రుచి ఎంతో, ఉద్యోగం పోతుందన్న భయం ఎంతో నాకు తెలుసు కనుక అక్కడి నుంచి కదలను. మొన్న చేరిన కడప ఆవిడ నాకంటే పెద్దది. ఆమె కూడా అదే మాట చెప్పింది. నేను నిలబడే ఉన్నాను. మళ్లీ నోట్లో వేసుకుని, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఏమనుకోవద్దండి మేడం. సప్పగుండాది."

చప్పగానే ఉంది. ఉప్పుడబ్బా ఆమె ముందు పెట్టి, "ఎంత వేద్దామో నువ్వే చెప్పక్కా," అన్నాను.