క్లాసు జరగని రోజులు

రిటైరైన తర్వాత లా చదవాలనిపించి అరవై రెండో ఏట ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను. దాని పేరు రాయడం ఇష్టం లేదు. జమ్మలమడుగులో ప్రొద్దుటూరు బస్సెక్కి రోజూ వెళ్లేవాణ్ణి. డైరీ రాయడం ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఉన్న అలవాటు. అందులో ఏ లెక్చరర్ వచ్చాడో, ఏం చెప్పాడో, ఎవరెవరం విన్నామో రాసుకున్నాను. మొదటి సెమిస్టరు పేజీల్లో ఎక్కువగా కనిపించేది ఒకటే మాట: క్లాసు జరగలేదు.

నాతో పాటు తప్పకుండా వచ్చేది ఒక్క అమ్మాయే. సింహాద్రిపురం దగ్గరి పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. జడ్జి పరీక్ష రాయాలని ఆమె పట్టుదల. ఖాళీ గదిలో ఇద్దరం కొత్త నేర చట్టాలు చదువుకుని, ఎవరి బస్సు వాళ్లం ఎక్కేవాళ్లం.

ఇంతలో తనిఖీ బృందం వస్తోందని కాలేజీ హడావుడిగా విద్యార్థి సంఘం పెట్టింది. అందులో విద్యా కార్యదర్శి పదవి ఒకటి. చదువుల విషయంలో మా తరఫున యాజమాన్యంతో మాట్లాడటం దాని పని.

"మీరు నిలబడండి పెద్దనాయనా. క్లాసుల్లేవని తెలిస్తే మా నాయన సదువు మానిపిస్తాడు" అంది ఆ అమ్మాయి.

నిలబడ్డాను. పోటీకి దిగినవాడు పులివెందుల నుంచి కారులో వచ్చే కుర్రాడు, అదీ పరీక్షలప్పుడు మాత్రమే. రాకపోయినా హాజరు వేయిస్తాననేది అతని ఏకైక వాగ్దానం.

నేను డైరీలోంచి పట్టిక తయారుచేసి నోటీసు బోర్డుకు అంటించాను. ఆఫీసు ఫారాల్లో ఏ గడీ ఖాళీగా వదలని మనిషిని. తేదీ, లెక్చరర్, పాఠం రాసి ఊరుకోక, వచ్చిన విద్యార్థుల పేర్లు కూడా రాశాను. ప్రతి రోజూ అవే రెండు పేర్లు.

మర్నాడు నేనెప్పుడూ చూడని మొహాలన్నీ కాలేజీకి వచ్చాయి.

"ఏంది మామా, మేం రాలేదని ఊరంతా చాటిస్తాండావా?"

"సదువుకోనీకి వచ్చినావా, మా మీద నిఘాకి వచ్చినావా?"

"నీకు పెన్షనొస్తాది, పొద్దు పోవాల. మాకు పనుల్లేవా?"

లెక్చరర్లు ఎందుకు రాలేదని ఒక్కరూ అడగలేదు. కుర్రాడు నా భుజం మీద చెయ్యేసి, "పెద్దాయన్ను ఏమనొద్దప్పా. ఓటు మాత్రం ఎయ్యొద్దు" అన్నాడు. అందరూ నవ్వారు. వరండాలో టీ తాగుతున్న ప్రిన్సిపాల్ కూడా నవ్వాడు.

నాకు రెండు ఓట్లు వచ్చాయి. తనిఖీ రోజున కొత్త కార్యదర్శి కోటు తొడుక్కుని, పాఠాలు క్రమం తప్పకుండా జరుగుతున్నాయని చెప్పాడు. వెనక బెంచీలో కూర్చుని ఉన్న నేను లేచి కాదనలేదు. అసహ్యం వాళ్ల మీద ఎంతో, నా మీదా అంతే.

ఆ వారమే అమ్మాయి తండ్రి బస్టాండులో నన్ను పట్టుకున్నాడు. నా పట్టిక ఫొటో ఎవరో ఆయన ఫోనుకు పంపారు.

"అన్నా, ఇది నువ్వు రాసిందేనా? నిజమేనా?"

"నిజమే."

"అంటే ఈడ క్లాసుల్లేవు. మరి మా పాప దినామూ వచ్చి ఏం చేస్తాండాది?"

"నాతో కూర్చుని చదువుకుంటోంది. బాగా చదువుతుంది."

"ఆ మాత్రానికి రెండు బస్సులెందుకు? ఇంట్లోనే సదువుకుంటాదిలే" అన్నాడు. ఆ పట్టిక అబద్ధమని ముందే ఒక్క మాట అని ఉంటే సరిపోయేది.

ఆమె మళ్లీ రాలేదు. నా డైరీలో ఇప్పుడు రోజుకు ఒక్క పేరే. కాలేజీ రిజిస్టరులో మాత్రం ఆమెకు రోజూ హాజరు పడుతోంది. కొత్త కార్యదర్శి మాట నిలబెట్టుకున్నాడు.