లావు తీగ

మా పక్కింటి పరిశోధకుడికి ఒక అలవాటుండేది. ఏ కరెంటు స్తంభం కనిపించినా కింద నిలబడి, తల పైకెత్తి, "అన్నా, ఇది పోతే ఏమైతది?" అనేవాడు. పట్టణాన్ని బతికించే కరెంటు, నీళ్లు, దవాఖానలు ఎంత సులువుగా కూలిపోతాయన్నది అతని పీహెచ్‌డీ. జహీరాబాద్‌లో ఆ సంగతి తెలుసుకోవడానికి డాక్టరేట్ కావాలని మాకెవరికీ తోచలేదు.

వాళ్లమ్మకు మా వీధి చివరి దవాఖానలో వారానికి మూడుసార్లు డయాలసిస్. దానికీ మా ఇళ్లకీ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. ఎండాకాలం మాటిమాటికీ ఫ్యూజు పోతుంటే, లైన్‌మన్‌ను బతిమాలి దాని బదులు లావు తీగ వేయించుకున్నాం. బతిమాలిన వాళ్లలో నా గొంతే పెద్దది.

"ఫ్యూజు పోవాలె కాకా. అది పోకుంటే ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతది," అన్నాడు పరిశోధకుడు లైన్‌మన్‌తో.

"గింత ఫికర్ జేస్తే దానికంటె ముందు నువ్వే కాలిపోతవ్ బిడ్డా," అన్నాడు లైన్‌మన్. అందరం నవ్వాం.

వారం తిరక్కుండానే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. దవాఖాన జనరేటర్ మొదటి పూటే మొరాయించింది. సాయంత్రానికల్లా కరెంటు వస్తుందని వాళ్లమ్మను వేరే ఊరికి తీసుకుపోకుండా రోజూ ఆపింది కూడా మేమే. మూడోరోజు సంగారెడ్డి దవాఖానకు తీసుకుపోతుంటే ఆమె దారిలోనే చనిపోయింది.

పరిశోధన గ్రంథం పూర్తయ్యాక నాకు చూపించాడు. మా వీధి గురించి ఒకే వాక్యం ఉంది: "సరఫరా ఆగి ఒక రోగి మరణించారు."

"అమ్మ అని రాయలేదేం?" అన్నాను.

"సొంత మనిషంటే సాక్ష్యం చెల్లదంటరన్నా." గ్రంథం మూసి, "తీగ ఎవరు ఏయించిన్రో గూడ రాయలె," అన్నాడు. "మనమంత ఇదే వీధిల ఉండాలె గద."